మోకాలి నొప్పి, ఆస్తమా, బీపీ: ఇవన్నీ పెట్టుకుని కుంగ్ ఫూలో ముందుకు వెళ్లడం ఎలా?

మీరు రాసింది కుదించి చెప్పుకుంటే ఇదీ సంగతి. వయసు 39. నాలుగేళ్లుగా ఉత్తరాది శైలి కుంగ్ ఫూ నేర్చుకుంటున్నారు. కుడి మోకాలి చిప్ప చుట్టూ నొప్పి, చిన్నప్పటి నుంచీ ఆస్తమా, ఈ ఏడాదే మొదలైన బీపీ మాత్రలు. రెండు నెలలు జోరుగా సాగుతుంది, ఈలోగా ఏదో ఒకటి తిరగబెడుతుంది, నెల రోజులు ఆగిపోవాల్సి వస్తుంది, మళ్లీ కథ మొదటికొస్తుంది. మీతో చేరినవాళ్లు కర్ర దాటి కత్తి నేర్చుకుంటున్నారు. మీ మాస్టర్ ‘భరిస్తేనే వస్తుంది’ అంటున్నారు. మానెయ్యాలా, తాయ్ చీకి మారాలా, పళ్లబిగువున లాగాలా అని అడిగారు.

నేను చాలా ఏళ్లుగా నేర్పుతున్నాను, నాకూ ఆస్తమా ఉంది. డాక్టర్ని మాత్రం కాను. మందుల గురించి కింద రాసినవి మీ డాక్టర్ని ఏం అడగాలో తెలియడానికే, మీ అంతట మీరు మాత్రలు మార్చుకోవడానికి కాదు.

నా అంచనాలో మిమ్మల్ని ఎక్కువగా దెబ్బతీస్తున్నవి మీ మంచి రోజులు. రెండు నెలలు, ఒక నెల, మళ్లీ రెండు నెలలు అన్న మీ లెక్క చూడగానే అనిపించింది. నొప్పి తగ్గగానే క్లాసుకి వెళ్తారు. పోయిన నెలను రాబట్టుకోవాలని తొందర. ఫారమ్ (వరుసగా చేసే కదలికల కూర్పు) మొత్తం గుర్తుంటుంది, ఎందుకంటే ఒకసారి ఒంటబట్టిన కదలిక నెలలు గడిచినా చెరిగిపోదు. దమ్ము అలా నిలవదు. రెండు నుంచి నాలుగు వారాలు ఆపితే గుండె, ఊపిరి సత్తువ తెలిసేంతగా పడిపోతుంది. కండ బలం ఇంకాస్త ఎక్కువ కాలం నిలుస్తుంది. కండను ఎముకకు కట్టే టెండన్లు వీటన్నిటికంటే నిదానం. కండ వారాల్లో గట్టిపడితే వాటికి నెలలు కావాలి. అంటే తిరిగొచ్చిన మొదటి వారంలో మీ ఒంటికి పాత ఫారమ్ చెయ్యడం వచ్చు, మొయ్యడం రాదు. కొత్తగా చేరినవాడికి ఈ బాధ లేదు. వాడికి ఎగిరి తన్నడం రానే రాదు కాబట్టి వాడి మోకాలు బతికిపోతుంది.

అందుకే ఒంట్లో ఏదో ఒక సమస్యతో వచ్చినవాళ్ల చేత నేను ముందుగా రెండు హద్దులు రాయిస్తాను. కింది హద్దు అంటే జ్వరం, ఆయాసం లేని ఏ రోజైనా, ఎంత నీరసంగా ఉన్నా చేసే సాధన. పది నిమిషాలు చాలు. పై హద్దు అంటే ఎంత హుషారుగా ఉన్నా దాటకూడనిది. మొదటిది అందరూ ఇష్టంగా రాస్తారు. రెండోది రాయమనేసరికి మొహం ముడుచుకుంటారు, ‘బాగున్న రోజు కూడా ఆపమంటారేంటి’ అని. ఆ రోజే ఆపాలి, తక్కిన రోజుల్లో మీ ఒళ్లే ఆపుతుంది కదా. పై హద్దు ఎక్కడ పెట్టాలో తేల్చుకోవడం కష్టమేం కాదు. ఈమధ్య కాలంలో గట్టిగా చేసి కూడా మర్నాడు మోకాలు, ఊపిరి మామూలుగానే ఉన్న రోజు ఏదో గుర్తు తెచ్చుకోండి. ఆ రోజు ఎంత చేశారో అదే మీ పై హద్దు. రెండు వారాలు ఏ తేడా లేకుండా గడిస్తే అప్పుడు కొంచెం జరపండి.

జరిపేటప్పుడు ఏం జరుపుతున్నారో తెలిసుండాలి. స్టాన్స్ (నిలబడే భంగిమ) ఎంత లోతుకు దిగుతున్నారు, ఎంతసేపు, ఎంత వేగం, ఎంత దెబ్బ, ఎంత మెలిక అని సాధనలో ఐదు రకాల బరువులుంటాయి. దెబ్బ అంటే గెంతడం, నేలను తొక్కడం, బ్యాగ్ కొట్టడం. ‘ఈరోజు ఒంట్లో బాగుంది, ఫారమ్ కాస్త కిందికి దిగి, పూర్తి వేగంతో, ఇంకో రెండుసార్లు చేశాను’ అని ఎవరైనా అంటే ఒక్క మెట్టు ఎక్కినట్టే వినిపిస్తుంది. నిజానికి లోతు, వేగం, సమయం మూడూ ఒకేసారి పెంచారు. మర్నాడు మోకాలు వాస్తే దేనివల్లో చెప్పలేరు. రెండు వారాలకి ఒక్కటే పెంచండి. లోతు పెంచిన వారాల్లో వేగం తగ్గించినా తప్పులేదు.

ఇక మోకాలు. ఇక్కడ కాస్త ఎక్కువ సేపు ఆగుతాను, ఎందుకంటే మీ మూడు సమస్యల్లో సాధన తీరు మార్చి నేరుగా బాగుచేసుకోగలిగింది ఇదే.

మోకాలు ఎంత వంగితే చిప్ప వెనక ఒత్తిడి అంత పెరుగుతుంది. కాబట్టి చిప్ప నొప్పి ఉన్నప్పుడు స్టాన్స్ ఎత్తు పెంచడం తప్పించుకోవడం కిందికి రాదు, అది మోతాదు సరిచేసుకోవడం. అయితే ఎత్తు పెంచినా నొప్పి పోనివాళ్లలో నాకు ఎక్కువగా కనబడేది మోకాలు లోపలికి పడటం. అద్దానికి ఎదురుగా నిలబడి హార్స్ స్టాన్స్‌లోకి, అంటే కాళ్లు ఎడంగా పెట్టి గుర్రం మీద కూర్చున్నట్టుండే భంగిమలోకి, సగం దిగండి. కుడి మోకాలి చిప్ప మధ్య నుంచి కిందికి ఒక గీత ఊహించుకోండి. అది కాలి రెండో వేలి మీద పడాలి. బొటనవేలికి లోపల పడుతోందంటే ఒకసారి పాదం చూసుకోండి, లోపలి వంపు నేలకు అతుక్కుపోయి ఉంటుంది. ఇప్పుడు మడమ, బొటనవేలి మొదలు, చిటికెనవేలి మొదలు మూడింటినీ నేలకు ఆనించి ఉంచి, తొడను తుంటి దగ్గర్నుంచి బయటికి తిప్పండి. పాదం వంపు పైకి లేస్తుంది, చిప్ప దానంతటదే రెండో వేలి మీదికి వస్తుంది, పిరుదు పక్క కండ పనిలో పడినట్టు తెలుస్తుంది. మోకాలిని చేత్తో బయటికి నెట్టి అదే ఆకారం తెచ్చుకుంటే ఉపయోగం లేదు, పని తుంటి చెయ్యాలి. ఈ స్థితిని పోగొట్టుకోకుండా ఎంత కిందికి దిగగలరో అదే ఈ నెలకి మీ స్టాన్స్. తొడలు నేలకు సమాంతరంగా ఉన్నాయా లేదా అన్నది ఇప్పుడు పట్టించుకోవద్దు.

పాదాలు రెండూ నిటారుగా ముందుకే ఉండాలని కొన్ని చోట్ల పట్టుబడతారు. తుంటి కీలు గుంట ఎంత లోతు, తొడ ఎముక ఏ కోణంలో తిరిగి ఉంది అన్నది ఒక్కొక్కరికి ఒక్కోలా ఉంటుంది. అందరి తుంటికీ అది కుదరదు. వేళ్లు కొద్దిగా బయటికి తిప్పి నిలబడితే మోకాలికి సుఖంగా ఉంటే అలాగే నిలబడండి. పోటీలకు వెళ్లేటప్పుడు చూసుకోవచ్చు.

రెండో తప్పు తిరిగేటప్పుడు జరుగుతుంది. హార్స్ స్టాన్స్ నుంచి బో స్టాన్స్‌కి (ముందు కాలు వంచి, వెనక కాలు చాచే భంగిమకి) మారేటప్పుడు వెనక పాదం తిరగాలి. చాలామంది బరువంతా ఆ కాలి మీదే ఉంచి నడుము తిప్పేస్తారు. పాదం నేలకు అంటుకుని ఉంటుంది, నడుము ముందే తిరిగిపోతుంది, మధ్యలో ఆ మెలికంతా మోకాలు మింగుతుంది. మోకాలి కీలులో మెత్తలా ఉండే మెనిస్కస్ చిరగడానికి ఇంతకంటే దగ్గరి దారి లేదు. బరువు తీసి, పాదం తిప్పి, ఆ తర్వాత బరువు వెయ్యండి. నెమ్మదిగా చేస్తే ఇవి మూడు పనులుగా కనిపిస్తాయి. కొన్ని వారాలకి కలిసిపోయి ఒకటే కదలిక అవుతాయి, అప్పుడు వేగం కూడా పెరుగుతుంది. నునుపైన నేల, పలుచటి అడుగున్న బూట్లు ఈ విషయంలో మీకు మేలు చేస్తాయి. మెత్తటి మ్యాట్ మీద రబ్బరు బూట్లతో తిరగడం మోకాలికి శత్రువు. పు బు, అంటే ఒక కాలి మీద పూర్తిగా కూర్చుని రెండోది చాచే స్టాన్స్, ప్రస్తుతానికి మీ ఫారమ్‌లోంచి తీసెయ్యండి. దాని బదులు ఎత్తులోనే పక్కకి బరువు మార్చండి. గెంతి తన్నే చోట నిలబడి తన్నండి. ఫారమ్ లయ చెడదు.

ఎంత నొప్పి పరవాలేదన్నది మీరు ప్రత్యేకంగా అడిగారు. ఫిజియోథెరపిస్టులు వాడే కొలత ఒకటి ఉంది. సున్నా నుంచి పది వరకు లెక్కలో రెండు దాకా నొప్పిని పట్టించుకోనక్కర్లేదు. ఐదు దాకా భరించవచ్చు, కానీ మర్నాటి పొద్దుటికల్లా ఎప్పుడూ ఉండే స్థాయికి దిగిపోవాలి, వారం వారానికీ పెరగకూడదు. ఐదు దాటితే ఆ పని ఆ రోజుకి ఆపండి. సాధన చేస్తున్నప్పటి నొప్పి కంటే మర్నాడు పొద్దున మెట్లు దిగేటప్పటి నొప్పే నిజం చెబుతుంది. ఒళ్లు వేడెక్కితే నొప్పి దాక్కుంటుంది కదా.

మీ మాస్టర్ గారి ‘భరించు’కీ ఇక్కడే జవాబుంది. తొడ ముందు భాగం మండటం, వణకటం భరించాల్సినవే, అవి లేకుండా స్టాన్స్ రాదు. కీలు లోపల పోటు, చిప్ప కింద గుచ్చినట్టుండటం, మెలిక పడగానే చురుక్కుమనడం భరించేవి కావు. మంచి మాస్టర్లకు ఈ తేడా తెలుసు. కానీ బయటికి రెంటికీ ఒకే మొహం పెడతాం కాబట్టి ఎదుటివాళ్లకు కనపడదు, మనమే చెప్పాలి. ఎలా చెప్పాలన్నది కూడా ముఖ్యమే. ‘మాస్టర్, ఒంట్లో బాగాలేదు’ అంటే ఆయన చేతిలో ఏమీ పెట్టనట్టు. ‘మాస్టర్, ఈ నెల గెంతడం, పు బు, లోతు స్టాన్స్ చెయ్యను. మిగతావన్నీ చేస్తాను, వాటిలో నన్ను వదలొద్దు’ అనండి. నేర్పేవాడిగా చెబుతున్నాను, రెండో మాట విన్నప్పుడు మాకు ఏం చెయ్యాలో తెలుస్తుంది. నిజంగానే మిగతావాటిలో వదలం. అయినా ఒప్పుకోకుండా కీలు నొప్పి మీద కూర్చోబెట్టేవారైతే, ఆయన ఎంత గొప్ప విద్య తెలిసినవారైనా, ఆ విద్య మీ ఒంటికి అందదు.

నొప్పి మాత్రల సంగతి మీరు ఒక్క ముక్కలో రాసి దాటేశారు, ‘క్లాసు రోజుల్లో ఒకటి వేసుకుంటాను’ అని. అది డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ జాతిదైతే మీ మూడు జబ్బులూ ఒకదాన్నొకటి కెలుక్కునేది సరిగ్గా ఇక్కడే. ఈ మాత్రలు బీపీని పెంచుతాయి, కొన్ని రకాల బీపీ మందుల పని తగ్గిస్తాయి. ఆస్తమా ఉన్నవాళ్లలో కొందరికి ఆయాసాన్ని రెచ్చగొడతాయి. పైగా మోకాలు ఎంతవరకు ఓర్చుకుంటుందో చెప్పే సూచననే మూసేస్తాయి. క్లాసుకి ముందు నొప్పి మాత్ర వేసుకుని లోతు స్టాన్స్ చెయ్యడమంటే పెట్రోలు ముల్లును ఫుల్ దగ్గర అతికించి బండి తోలడమే. రెండో పక్క నుంచి చూస్తే బీపీకి వాడే బీటా బ్లాకర్లలో కొన్ని, ముఖ్యంగా ప్రొప్రనొలాల్ లాంటివి, ఆస్తమా ఉన్నవాళ్లకు శ్వాసనాళాలను బిగిస్తాయి. ఇంకో రకం బీపీ మాత్రలున్నాయి, రామిప్రిల్, ఎనలాప్రిల్ లాగా పేరు చివర ప్రిల్ అని వస్తుంది. వాటివల్ల కొందరికి పొడి దగ్గు పట్టుకుంటుంది. దాన్ని ఆస్తమా తిరగబెట్టిందనుకుని ఇన్‌హేలర్ మోతాదు పెంచుకుంటూ పోయేవాళ్లున్నారు. మీకు దగ్గు ఉంటే, అది బీపీ మాత్రలకు ముందు నుంచీ ఉందా, తర్వాత మొదలైందా? ఒకే కాగితం మీద మూడు జబ్బులూ, అన్ని మందులూ, మీరు చేసే వ్యాయామమూ రాసి ఒకే డాక్టర్ ముందు పెట్టండి. మోకాలికి ఒకరు, ఊపిరికి ఒకరు, బీపీకి ఒకరు చూస్తున్నంతకాలం ఈ ముడి ఎవరికీ కనపడదు.

ఇదే కోవలో ఇంకొకటి. సిప్రోఫ్లాక్సాసిన్, లివోఫ్లాక్సాసిన్ జాతి యాంటీబయాటిక్స్‌కి టెండన్లు దెబ్బతినే ప్రమాదం ఉంది. మడమ వెనక ఉండే అకిలిస్ టెండన్ తెగిపోయిన సందర్భాలున్నాయి. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2008లోనే ఈ మందుల సమాచార పత్రాల్లో గట్టి హెచ్చరిక చేర్పించింది. స్టెరాయిడ్ మాత్రలు కూడా వాడుతుంటే ఆ ప్రమాదం ఇంకా పెరుగుతుంది. ఆస్తమా ముదిరి ఛాతీ ఇన్ఫెక్షన్ వచ్చినవాళ్లకు ఈ రెండూ కలిపి రాసే అవకాశం ఉంది. అలా వాడాల్సివస్తే గెంతడం, పరుగు, తన్నడం ఎప్పుడు మొదలుపెట్టొచ్చో డాక్టర్ని అడిగి తెలుసుకోండి. మందు ఆపిన తర్వాత కూడా కొన్ని నెలల వరకు ఈ సమస్య రావచ్చు.

బీపీ విషయంలో కుంగ్ ఫూ మీకు మేలూ చెయ్యగలదు, కీడూ చెయ్యగలదు. తేడా అంతా ఊపిరి దగ్గరే ఉంది. 270 పరిశోధనలను కలిపి 2023లో చేసిన ఒక సమీక్షలో, బీపీ తగ్గించడంలో అన్ని రకాల వ్యాయామాల కంటే కదలకుండా బిగించి నిలిచే వ్యాయామాలు ముందు నిలిచాయి. గోడకు ఆనుకుని కూర్చున్నట్టు నిలబడటం అందులో ప్రధానం. అలాంటి పరిశోధనల్లో ఎక్కువగా వాడే లెక్క రెండేసి నిమిషాలు నాలుగుసార్లు, మధ్యలో విశ్రాంతి, వారానికి మూడు రోజులు. హార్స్ స్టాన్స్ దీనికి దగ్గరి చుట్టమే. కానీ ఆ తగ్గుదల వారాల తర్వాత వచ్చేది. బిగించి నిలబడిన ఆ రెండు నిమిషాల్లో బీపీ పైకే వెళ్తుంది, ఊపిరి బిగబట్టారంటే అమాంతం లేస్తుంది. కాబట్టి నిలబడినంతసేపూ మామూలుగా మాట్లాడగలగాలి. నేనైతే పక్కవాడితో కబుర్లు చెప్పమంటాను, క్రమశిక్షణ పోతుందని గొణిగేవాళ్లు గొణగనీ. ఊపిరి బిగబట్టి పొట్ట గట్టిచేసుకుని దెబ్బలు కాచుకునే ఐరన్ షర్ట్ తరహా సాధనలు మీకు వద్దు. పంచ్ వేసేటప్పుడు చిన్నగా ఊపిరి వదలండి. విశ్రాంతిగా కూర్చున్నప్పుడే 180/110 గానీ అంతకు మించి గానీ ఉంటే ఆ రోజు సాధన లేదు, డాక్టర్‌కి ఫోన్ చెయ్యడమే. లోతు స్టాన్స్ నుంచి లేవగానే కళ్లు తిరుగుతుంటే అది కూడా మందు మోతాదు గురించి చెప్పాల్సిన విషయమే. మీది బీటా బ్లాకర్ అయితే చేతి గడియారం చూపించే గుండె వేగాన్ని నమ్మకండి. మందు దాన్ని పైకి పోనివ్వదు, మీరేమో తేలిగ్గా చేస్తున్నామనుకుంటారు. ఒక పూర్తి వాక్యం తెగకుండా మాట్లాడగలుగుతున్నారా అన్నదే కొలత.

ఆస్తమా ఉన్నవాళ్లు ఎక్కువగా తప్పు చేసేది ఆగే దగ్గర. వ్యాయామం వల్ల వచ్చే బిగుతు చేస్తున్నప్పటి కంటే ఆపిన ఐదు పది నిమిషాలకు బాగా తెలుస్తుంది. స్పారింగ్ (జోడీతో పోరాట సాధన) రౌండ్ అవగానే కూలబడకండి, నడుస్తూ నిదానంగా దింపండి. వార్మప్ పది పదిహేను నిమిషాలుండాలి, అందులో కొన్ని చిన్న చిన్న వేగపు పరుగులు ఉంటే తర్వాతి బిగుతు తగ్గుతుంది. ముక్కుతో పీల్చగలిగినంతసేపు ముక్కుతోనే పీల్చండి. క్లాసుకి ముందు ఇన్‌హేలర్ తీసుకోమని డాక్టర్ చెప్పుంటే మర్చిపోకుండా తీసుకోండి, అదేదో బలహీనత అనుకునేవాళ్లను పట్టించుకోకండి. ఇన్‌హేలర్ బ్యాగులో కాదు, చేతికందే చోట ఉండాలి, అదెక్కడుందో పక్కవాళ్లకీ తెలిసుండాలి. శిక్షణ హాల్లో గురుపరంపర పటాల ముందు అగరుబత్తులు వెలిగిస్తుంటే కిటికీ పక్కన చోటు చూసుకోండి. వ్యాయామానికి ముందు తీసుకునేది కాకుండా వారానికి రెండుసార్లకు మించి ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్ అవసరమవుతోందన్నా, రాత్రిళ్లు దగ్గుతో మెలకువ వస్తోందన్నా జబ్బు అదుపులో లేదని అర్థం. దాన్ని సాధనతో గెలవలేరు, ముందు మందు సరిచేయించుకోవాలి.

తాయ్ చీకి మారాలా అని అడిగారు. ఇష్టమైతే మారండి, మోకాలి కోసమైతే తొందరపడకండి. మోకాలి గుజ్జు అరిగినవాళ్ల మీద అమెరికాలో చేసి 2016లో ప్రచురించిన పరిశోధనలో, వారానికి రెండుసార్లు చొప్పున 12 వారాలు తాయ్ చీ చేసినవాళ్లకు, ఫిజియోథెరపీ తీసుకున్నవాళ్లకు దాదాపు సమానంగా నొప్పి తగ్గింది. అది నిజం. కానీ అక్కడ నేర్పింది రోగుల కోసం, కనిపెట్టి చూసుకుంటూ. మామూలు క్లాసులో లోతుగా దిగి, ఒంటి కాలి మీద బరువు నిదానంగా మారుస్తూ, ఆ బరువు మీదే పాదం తిప్పితే తాయ్ చీ మీ ఇప్పటి శైలి కంటే మోకాలిని ఎక్కువ అరగదీస్తుంది. మారేటట్టయితే సున్ లుతాంగ్ శైలి చూడండి, అందులో స్టాన్సులు ఎత్తుగా ఉంటాయి, వెనక కాలు ముందు కాలిని అనుసరించి వచ్చేస్తుంది. తాయ్ చీలోనే మరో రకమైన చెన్ శైలిలోని లోతు, నేలను తొక్కడం మీకు ఇప్పుడు పనికిరావు.

జబ్బు మనుషులు ఈ విద్యలోకి రావడం కొత్తేమీ కాదు. చెంగ్ మాన్‌చింగ్ క్షయతో బాధపడుతూ తాయ్ చీ పట్టుకుని, తాయ్ చీ గురువు యాంగ్ చెంగ్‌ఫూకి శిష్యుడై, దాన్ని అమెరికా దాకా తీసుకెళ్లాడు. యీచువాన్ అనే చైనా యుద్ధవిద్య స్థాపకుడు వాంగ్ శియాంగ్‌జాయ్ చిన్నప్పుడు బలహీనంగా ఉండేవాడు. ఆరోగ్యం కోసమే శింగ్ యీ అనే మరో చైనా యుద్ధవిద్య నేర్చుకోవడానికి పంపారు. ఆయన తర్వాత తన పద్ధతికంతా పునాదిగా పెట్టుకున్నది కదలకుండా, ఎత్తుగా నిలబడే సాధనే. బ్రూస్ లీ 1970లో నడుము దెబ్బతిని నెలల తరబడి మంచాన పడ్డప్పుడు చదువుతూ, పోరాటం గురించి నోట్స్ రాసుకుంటూ గడిపాడు.

మంచాన పడ్డ రోజుల్లో చెయ్యగలిగింది ఒకటుంది, జనం దాన్ని నమ్మరు. కళ్లు మూసుకుని ఫారమ్‌ను లోపల చెయ్యడం. 2014లో ఒక ప్రయోగంలో ఆరోగ్యవంతుల మణికట్టుకు నాలుగు వారాలు కట్టు వేశారు. కట్టులో ఉన్న ఆ కండను గట్టిగా బిగిస్తున్నట్టు వారానికి ఐదు రోజులు ఊహించుకున్నవాళ్లు, ఊహించుకోనివాళ్లతో పోలిస్తే సగం బలమే కోల్పోయారు. అయితే సినిమా చూసినట్టు బయట నుంచి చూస్తే పని జరగదు. పాదం కింద నేల, తొడ బిగువు, పంచ్ చివర పిడికిలి బిగుసుకోవడం లోపల్నుంచి తెలియాలి, అసలు వేగంతోనే జరగాలి. చాలామందికి ఫారమ్‌లో నాలుగో, ఐదో కదలిక దగ్గర ఊహ తెగిపోతుంది. ఎక్కడ తెగిందో అక్కడ మీకు ఫారమ్ నిజంగా రాదన్నమాట. క్లాసులో పక్కవాళ్లను చూసి నెట్టుకొస్తున్న చోట్లన్నీ ఇలా బయటపడతాయి. మోకాలు మొరాయించిన వారాల్లో చేతుల పని కూర్చునే చెయ్యొచ్చు. బ్లాక్‌కీ పంచ్‌కీ మధ్య భుజం ఎత్తేస్తున్నామా అన్నది కుర్చీలో కూర్చున్నప్పుడు తెలిసినంతగా నిలబడ్డప్పుడు తెలియదు.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. పొద్దున బీపీ, పీక్ ఫ్లో మీటర్ (ఊపిరి ఎంత జోరుగా వదలగలరో కొలిచేది) ఉంటే దాని అంకె, మెట్లు దిగినప్పుడు మోకాలికి పదికి ఎన్ని మార్కులు, నిన్న చేసిన సాధన ఒక్క ముక్కలో. ‘138/86. పీక్ ఫ్లో 430. మోకాలు 3. నిన్న: ఎత్తు స్టాన్స్‌లో మొదటి ఫారమ్ రెండుసార్లు, తిరుగుళ్లు నెమ్మదిగా.’ ఇంతే చాలు. నెల తిరిగేసరికి మీ శరీరం ముందే పంపే సూచన ఏదో కనిపిస్తుంది. కొందరికి ఆయాసం రావడానికి రెండు రోజుల ముందే పీక్ ఫ్లో జారడం మొదలవుతుంది, కొందరికి నిద్ర చెడుతుంది. మీకు నెల రోజుల విరామం వచ్చిన ప్రతిసారీ దానికి ముందు వారం ఏం జరిగిందో ఈ పుస్తకం చెబుతుంది.

జలుబు, గొంతు గరగర వరకైతే కింది హద్దు సాధన చేసుకోవచ్చు. జ్వరం, ఒళ్లు నొప్పులు, ఛాతీలో దగ్గు ఉంటే ఏమీ వద్దు. వైరల్ జ్వరంలో గట్టిగా వ్యాయామం చేస్తే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. తగ్గాక పాత పై హద్దులో సగంతో మొదలుపెట్టండి. ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, ఇన్‌హేలర్ వాడినా వాక్యం పూర్తిచెయ్యలేనంత ఆయాసం వస్తే ఆలస్యం చెయ్యకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఇంకో సంగతి, ఇది చదివే మిగతావాళ్ల కోసం. కొద్దిపాటి శ్రమ చేసినా ఒకటి రెండు రోజుల తర్వాత మొత్తం కుప్పకూలిపోయే అలసట ఉన్నవాళ్లకు, కోవిడ్ తర్వాత ఇలా అయినవాళ్లూ ఉన్నారు, పైన రాసిన ‘రెండు వారాలకి కొంచెం పెంచండి’ అన్నది వర్తించదు. వాళ్లు పెంచే మాట పక్కనపెట్టి ముందు వైద్యుడితో మాట్లాడాలి.

మీ తోటివాళ్లు కత్తికి వెళ్లారన్న బెంగకి నా జవాబు కొంచెం మొరటుగా ఉండొచ్చు. కర్ర మీరూ ఇప్పుడే మొదలుపెట్టండి. చేతులు, నడుము, దూరం అంచనా మీద నడిచే ఆయుధం అది. ఎత్తు స్టాన్స్‌లో ప్రాథమిక తిప్పుళ్లు, పొడుపులు మోకాలిని పెద్దగా ఇబ్బంది పెట్టవు. మాస్టర్‌ని అడిగితే ఫారమ్ మొత్తం కాకపోయినా ఆ భాగాలు విడిగా నేర్పుతారు. స్పారింగ్ మాత్రం బీపీ అదుపులోకి వచ్చి, నోటుపుస్తకంలో ఒక నెల నిలకడగా కనిపించే వరకు ఆపండి. ఆ తర్వాత కూడా ముందు తేలిక స్పర్శతో, చిన్న రౌండ్లతో మొదలుపెట్టండి.

మీరు రాయని విషయం ఒకటుంది, అది తెలియకుండా పు బు ఎప్పుడు తిరిగి మొదలుపెట్టొచ్చో చెప్పలేను. మోకాలు మధ్యలో పట్టేసి చాపలేకుండా ఎప్పుడైనా ఆగిపోయిందా? మెట్లు దిగుతుంటే ఉన్నట్టుండి జారిపోయినట్టు అనిపిస్తుందా? క్లాసు అయిన రాత్రికి వాస్తుందా? వీటిలో ఏ ఒక్కటి అవునన్నా ముందు ఎముకల డాక్టర్‌కి చూపించి, ఆయన ఏమన్నారో రాయండి.